కొట్లో దొరికే పేక కట్ట మ్యాజిక్‌కి పనికొస్తుందా? ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

మ్యాజిక్ మొదలుపెట్టిన పిల్లలు నన్ను అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఏ పేక కొనమంటారు సార్?" ఇంటర్నెట్‌లో చూసిన నల్లటి కట్టలు, బంగారు అంచుల కట్టలు వాళ్ళ మనసులో ఉంటాయి. నేను మాత్రం మీ వీధి చివర ఫ్యాన్సీ షాపులోనో, కిరాణా కొట్లోనో దొరికే మామూలు కట్టే కొనమంటాను. కొన్నాక దాన్ని పూర్తిగా పరీక్షించకుండా ఎవరి ముందూ తీయొద్దంటాను.

మామూలు పేకే ఎందుకంటే, చూసేవాళ్ళు దాన్ని గుర్తుపడతారు. సంక్రాంతికి వాళ్ళింట్లో రమ్మీ ఆడేది అలాంటి పేకతోనే. అదే మీ చేతిలో కనిపిస్తే "ఈ పేకలో ఏదో ఉంది" అనే అనుమానం పుట్టదు, ఆశ్చర్యమంతా మీ చేతుల మీదికి వస్తుంది. వింత కట్ట తీశారంటే సగం మంది ట్రిక్ వదిలేసి కట్టనే చూస్తుంటారు. అందుకే నా లెక్కలో మంచి పేకకు రెండు గుణాలు ఉండాలి. మీ చేతికి లొంగాలి, వాళ్ళ కంటికి మామూలుగా కనిపించాలి. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ రెండింటి కోసమే.

పరీక్ష ఎందుకు అవసరమో నాకు కాకినాడలో అన్నయ్య గృహప్రవేశం రోజున తెలిసింది. మే నెల, డాబా మీద షామియానా, భోజనాలు అయ్యాక బంధువులందరూ చుట్టూ కూర్చున్నారు. పొద్దున్నే కొన్న కొత్త కట్టతో మొదలుపెట్టాను. డబుల్ లిఫ్ట్ చేశాను, అంటే రెండు ముక్కల్ని ఒకే ముక్కలా తిప్పి చూపించడం. ఇంట్లో ఏసీ గదిలో నాలుగుసార్లు బాగానే వచ్చింది. డాబా మీద చేతికి చెమట పట్టేసరికి పై ముక్క వేలికి అంటుకుంది, కింది ముక్క నున్నగా జారింది, రెండింటి మధ్య నూలుపోగంత తేడా వచ్చింది. పిన్ని కొడుకు లేచి నిలబడి "అన్నయ్యా, రెండు ముక్కలున్నాయి!" అని అరిచాడు. ఆ కట్టను ముందు రోజే చెమట చేతులతో ఒక్క అరగంట కలిపి ఉంటే విషయం తెలిసిపోయేది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక స్కేలు, సెల్‌ఫోన్ టార్చి, మందపాటి దుప్పటి లేదా మెత్తటి టేబుల్ క్లాత్, ఒక పర్మనెంట్ మార్కర్, ఒక చిన్న నోట్‌బుక్. వీలైతే మీకు ఇప్పటికే నచ్చిన ఒక పాత కట్ట కూడా ఉంచుకోండి, పోల్చి చూసుకోవచ్చు. అంతా కలిపి గంట పని, ఆ తర్వాత రెండు మూడు రోజుల వాడకం.

1. కొట్లోనే చూడాల్సింది

ఒకటి కాదు, రెండు కట్టలు కొనండి. ఒకే రంగు, ఒకే డిజైన్, వీలైతే ఒకే పెద్ద డబ్బాలోంచి తీసినవి. ఆర్నెల్ల తర్వాత ఒక ముక్క చిరిగిపోయి మళ్ళీ అదే కంపెనీ పేక కొంటే వెనక వైపు నీలం కాస్త ముదురుగానో లేతగానో వస్తుంది. చవక కట్టల్లో ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ రంగు తేడా మామూలే. ముక్క చింపి మళ్ళీ అతికించి చూపించే ట్రిక్‌లాంటివి చేయాలన్నా, పోయిన ముక్క స్థానంలో ఇంకోటి పెట్టాలన్నా రెండో కట్టే ఆధారం.

పెట్టె మీద "ప్లాస్టిక్" అని ఉంటే కొట్టు ఆయన్ని అడగండి: ఇది మొత్తం ప్లాస్టికా, కాగితం మీద ప్లాస్టిక్ పూతా? ఆయనకు తెలియకపోవచ్చు, ఇంటికెళ్ళాక ఎలాగూ మనకే తెలుస్తుంది. ఈ తేడా చాలా పెద్దది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

2. విప్పేటప్పుడు తొందరపడకండి

చాలామంది సీలు చింపగానే కలిపేస్తారు. వద్దు. ముందు ముక్కలు వచ్చిన వరస చూడండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. అమెరికాలో తయారయ్యే బైసికిల్ పేకకు స్థిరమైన వరస ఉంటుంది: జోకర్ల తర్వాత ఇస్పేటు ఆసు నుంచి రాజు దాకా, డైమండ్ ఆసు నుంచి రాజు దాకా, అక్కడి నుంచి తిరగబడి కళావరు రాజు నుంచి ఆసు దాకా, చివరికి ఆటీను రాజు నుంచి ఆసు దాకా. మన కొట్లలో దొరికేవాటిలో వరస కంపెనీని బట్టి మారుతుంది. మీ కట్ట వరస మీకు తెలిస్తే సీలు ఉన్న కట్టను అందరి ముందు విప్పి చేసే ట్రిక్స్‌కి అదే పునాది అవుతుంది.

ఇక్కడే ఇంకో మాట. కొత్త కట్టను రెండుసార్లు కలిపి చూసేవాళ్ళ చేతిలో పెట్టేస్తే ఇస్పేట్లు ఒక చోట, ఆటీన్లు ఒక చోట గుంపులుగా కనిపిస్తాయి, అనుమానం మొదలవుతుంది. రెండు సగాలుగా చేసి అంచుల్ని టపటపమంటూ ఒకదానిలోకి ఒకటి వదిలే మామూలు రిఫుల్ షఫుల్‌తో 52 ముక్కలు బాగా కలవాలంటే ఏడుసార్లు కావాలని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే గణిత శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. డయాకోనిస్ చిన్నప్పుడు ఇల్లొదిలి మ్యాజిక్ వెంట తిరిగిన మనిషి, అందుకే ఆ లెక్క మీద నాకు ఇంకాస్త గురి. కొత్త కట్టను చూపించే ముందు ఏడుసార్లు కలపండి.

వరస రాసుకున్నాక లెక్కపెట్టండి. 52 ముక్కలు, జోకర్లు, ఇంకా ప్రకటన ముక్కో ఖాళీ ముక్కో ఉంటే అవి. కొత్త కట్టలోనే ఒక ముక్క రెండుసార్లు వచ్చి ఇంకోటి లేకపోవడం నేను చూశాను. ప్రకటన ముక్కను పారేయకండి, దానితో పని ఉంది.

3. ఒక ముక్కను చింపి చూడండి

ఆ ప్రకటన ముక్కను మధ్యకు చింపండి. మంచి కాగితపు పేక అంటే రెండు పలచటి కాగితాల్ని మధ్యలో ముదురు రంగు జిగురుతో అతికించింది. చింపిన అంచును గోటితో కాస్త విప్పితే రెండు తెల్లటి పొరల మధ్య సన్నటి నల్లటి గీత కనిపిస్తుంది. వెలుతురు అవతలికి దూరకుండా ఆపేది ఆ గీతే. గీత లేకుండా మొత్తం తెల్లగా, అట్టముక్కలా పీచుపీచుగా చిరిగితే అది ఒకే పొర అట్ట. అసలు చిరగకుండా రబ్బరులా సాగితే మొత్తం ప్లాస్టిక్.

తర్వాత ఆటలోని ముక్కతో వెలుతురు పరీక్ష. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి ఇస్పేటు ఆసును వెనక వైపు మీకు కనిపించేలా పట్టుకుని, అవతలి వైపు నుంచి ఫోన్ టార్చి వేయండి. టార్చిని ముక్కకు ఆనించి పెడితే ఏ కాగితమైనా కాస్త వెలుగుతుంది, అందుకని జానెడు దూరంలో ఉంచండి. నల్లటి ఆకారం స్పష్టంగా తెలిసిపోతే ఆ కట్టతో కిటికీ ముందు నిలబడి ట్రిక్ చేయకూడదు. పెళ్ళిళ్ళలో వీడియో వాళ్ళు పెట్టే ఫోకస్ లైటు దీనికంటే ఘోరం. మీరు ముక్కను గాల్లో ఎత్తి పట్టుకున్నారంటే వెనక కూర్చున్నవాళ్ళకు అది ఏమిటో తెలిసిపోతుంది.

4. కొలతలు, చేతి పట్టు

ముక్కకు వెడల్పు చూడండి. పోకర్ సైజు అంటే రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. బ్రిడ్జి సైజుకు పొడవు అంతే, వెడల్పు రెండుంపావు అంగుళాలు. పావు అంగుళం చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ అరచేతిలో ముక్క దాచే పామింగ్‌లో అదే పెద్ద తేడా. సన్నటి చేతులున్న పిల్లలకు, చాలామంది అమ్మాయిలకు సన్న సైజు హాయిగా ఉంటుంది. పెద్ద చేతివాళ్ళకు సన్న ముక్క కట్టను ఒంటి చేత్తో కోయడం ఇబ్బంది. మ్యాజిక్ పాఠాలు ఎక్కువగా పోకర్ సైజును దృష్టిలో పెట్టుకునే చెప్తారు, సన్న కట్టతో నేర్చుకునేవాళ్ళు వేళ్ళ స్థానాల్ని కాస్త సర్దుకోవాలి.

52 ముక్కల్నీ గట్టిగా నొక్కి మందం కొలవండి. 15, 16 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మామూలు మందమే. బాగా ఎక్కువుంటే కట్ట చేతిలో ఇటుకలా ఉంటుంది, బాగా తక్కువుంటే ముక్కలు వేగంగా నలిగిపోతాయి.

5. వెనక వైపు: ఈ పరీక్ష మీదే ఎక్కువసేపు కూర్చోండి

మ్యాజిక్ చేసేవాడికి పేక వెనక వైపు ముందు వైపుకంటే ముఖ్యం. చూసేవాళ్ళ కళ్ళు ఎక్కువసేపు ఉండేది అక్కడే.

రెండు ముక్కల్ని వెనక వైపు పైకి పెట్టి పక్కపక్కన ఉంచండి. ఒకదాన్ని తల కిందికి, కాళ్ళు పైకి తిప్పండి. రెండూ ఒకేలా ఉన్నాయా? పువ్వు ఒక వైపే తిరిగిందా, కంపెనీ పేరు ఒక దిక్కే చదవడానికి వస్తుందా? తేడా ఉంటే ఆ కట్టలో తిప్పి పెట్టిన ముక్క తెలిసిపోతుంది. కొన్ని ట్రిక్స్‌కి అదే కావాలి: అన్నీ ఒకే దిక్కు పెట్టి, ఎంచుకున్న ముక్కను తిప్పి లోపలికి వెళ్ళనిస్తే కనిపెట్టడం సులువు. కానీ అది మీకు తెలిసి ఉండాలి. తెలియకుండా అలాంటి కట్ట వాడితే ఆ తేడా మీకంటే ముందు చూసేవాళ్ళ కంటపడుతుంది.

ఇక అసలైన పరీక్ష. కట్టను వెనక వైపు మీకు కనిపించేలా ఎడమ చేత్తో నిలువుగా పట్టుకోండి. కుడి బొటనవేలితో పై అంచును వెనక్కి వంచి, చిన్న పిల్లల బొమ్మల పుస్తకం పేజీలు వదిలినట్టు ముక్కల్ని ఒక్కొక్కటిగా వేగంగా వదలండి. చూపు ఒక మూల మీద, అంచు తెల్లటి గీత మీద నిలపండి. కోత సరిగ్గా ఉన్న కట్టలో డిజైన్ కదలకుండా నిలబడుతుంది. కోత చెడిన కట్టలో తెల్ల గీత వణుకుతుంది: ఒక ముక్కకు లావుగా, తర్వాతదానికి సన్నగా. వణికే ముక్కల దగ్గర ఆగి పక్కకు తీయండి. నా చేతిలో ఒక చవక కట్టకు అలాంటివి పదకొండు వచ్చాయి. రెండు మూడైతే ఆ ముక్కలు ట్రిక్‌లో ముఖ్యమైనవి కాకుండా చూసుకోవచ్చు. అంతకంటే ఎక్కువైతే ఆ కట్టను సాధనకు ఉంచుకుని, ప్రదర్శనకు ఇంకోటి చూసుకోండి.

వెనక చుట్టూ తెల్ల అంచు ఉందా లేదా అన్నది కూడా చూడాలి. కట్ట మధ్యలో ఒక ముక్కను తిరగేసి దాచాల్సిన ట్రిక్స్ చాలా ఉన్నాయి. తెల్ల అంచు ఉన్న పేకలో ముక్కల్ని కొంచెం పరిచినా తిరగబడిన ముక్క అంచు మిగతా తెల్ల అంచుల్లో కలిసిపోతుంది. అంచు లేకుండా డిజైన్ చివరిదాకా అచ్చైన కట్టలో ఆ ముక్క తెల్లటి చారలా బయటపడుతుంది. క్యాసినోల్లో ఎక్కువగా కనిపించే బీ పేక ఇలా అంచు లేనిదే. చేతి మీద విసనకర్రలా విప్పితే అందంగా ఉంటుంది, తిరగేసే ట్రిక్స్‌కి మాత్రం కష్టం.

6. ముందు వైపు

ఆటీను, డైమండు రెండూ ఎర్రవే, కళావరు, ఇస్పేటు రెండూ నల్లవే. ట్యూబ్‌లైటు కింద, తర్వాత పసుపు బల్బు కింద పది అడుగుల దూరం నుంచి ఎవరికైనా చూపించి చెప్పమనండి. మూలనున్న అంకె మరీ చిన్నదైతే, కళావరు ఆకులు ఇస్పేటులా కనిపిస్తే ఆ కట్ట హాలుకు పనికిరాదు, చుట్టూ నలుగురు కూర్చున్న గదికి సరిపోతుంది. పెద్దవాళ్ళ ముందు చేసేటప్పుడు పెద్ద అంకెల కట్ట వాడండి. ముక్క చూసి మర్చిపోయారంటే ట్రిక్ అక్కడే పోయినట్టు.

పేర్ల సంగతి కూడా ఇక్కడే. మన పెద్దవాళ్ళు కళావరు, ఆటీను అంటారు. హైస్కూలు పిల్లల్లో చాలామందికి క్లబ్స్, హార్ట్స్ అంటేనే తెలుస్తుంది. ముక్క ఎంచుకున్నవాళ్ళు దాని పేరు తమ మాటల్లో పక్కవాళ్ళకు చెప్పేలా చూడండి, అప్పుడు "నేను చూసింది అది కాదేమో" అనే గొడవ రాదు.

కాస్త లోతుగా వెళ్ళేవాళ్ళకు ఒక చిట్కా. మామూలు డిజైన్ కట్టలో 22 ముక్కల్ని తలకిందులు చేస్తే తేడా తెలుస్తుంది: ఇస్పేటు, ఆటీను, కళావరుల్లో ఆసు, 3, 5, 6, 7, 8, 9, వీటికి తోడు డైమండు 7. మధ్యలో ఉన్న గుర్తులు ఒక దిక్కే చూస్తుండటం దీనికి కారణం. మీ కట్టలో ఇలాగే ఉందో లేదో ఒక్కొక్కటి తిప్పి చూడండి. కొన్ని కంపెనీలు గుర్తుల్ని వేరేగా పేరుస్తాయి. ఈ 22 ముక్కల్నీ ఒకే దిక్కు సర్దుకుంటే, వెనక డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉన్న కట్టలో కూడా తిరిగిన ముక్కను పట్టుకోవచ్చు.

7. జారుడు, అంటుకోవడం

దుప్పటి పరిచి, కట్టను వెనక వైపు పైకి పెట్టి, చేత్తో ఒక్క ఊపులో రిబ్బన్‌లా పరచండి. ముక్కల మధ్య దూరం సమానంగా వచ్చిందా, గుంపులు గుంపులుగా వచ్చిందా? తర్వాత చేతిలో విసనకర్రలా విప్పండి. ఒకే చోట నాలుగైదు ముక్కలు అతుక్కుని కదిలితే, ఆ కట్టతో ముక్కను ఎంచుకోమని ముందు పెట్టినప్పుడు చూసేవాళ్ళ వేళ్ళలోకి రెండు వస్తాయి.

మంచి కాగితపు పేక మీద గోరు వేసి నెమ్మదిగా గీస్తే సన్నటి గరుకు తగులుతుంది. వాలుగా వెలుతురు పడేలా పట్టుకుంటే గుడ్డ నేతలాంటి చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఆ గుంటల్లో గాలి ఉండటం వల్లే ముక్కలు ఒకదాని మీద ఒకటి హాయిగా జారతాయి. అద్దంలా నున్నగా ఉన్న కట్ట మొదటి రోజు విపరీతంగా జారుతుంది, చేతి తడి తగిలిన మూడో రోజుకు అంటుకోవడం మొదలవుతుంది.

డబుల్ లిఫ్ట్ పరీక్ష ఇలా చేయండి. పై రెండు ముక్కల్ని అంచులు సరిగ్గా కలిపి తిప్పండి, కట్ట మీద పెట్టండి, మళ్ళీ తిప్పండి. పదిసార్లు చేసి ఎన్నిసార్లు విడిపోయాయో రాసుకోండి. తర్వాత చేతులు కడుక్కుని, సగం తుడుచుకుని, తడి కాస్త ఉండగానే ఇంకో పదిసార్లు చేయండి. నేను కాకినాడలో చేయనిది ఈ రెండో పదే. పొడి చేతికీ తడి చేతికీ మధ్య తేడా మూడుసార్లకు మించితే ఆ కట్టను ఎండాకాలం ప్రదర్శనకు తీసుకెళ్ళను.

కొందరు క్యారమ్ బోర్డు పౌడరు, టాల్కమ్ పౌడరు చల్లుతారు. మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత చెమటతో కలిసి అంచుల్లో ముద్దకడుతుంది, ముక్కలు మురికిగా కనిపిస్తాయి. నేను చల్లను. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోవడమే మేలు.

8. వంపు, అంచు

ఒక ముక్కను పొడవునా ధనుస్సులా వంచి వదలండి. మళ్ళీ తిన్నగా అయిందా? వంపు నిలిచిపోయినా, మధ్యలో తెల్లటి గీత పడినా ఆ కాగితం ఎక్కువ కాలం ఉండదు. ఇప్పుడు మొత్తం కట్టను వంచి రిఫుల్ చేసి వినండి. పొడిగా, సమంగా టపటపమనే చప్పుడు రావాలి. కొత్తది కొంచెం బిగుసుగా ఉండటం సహజం, వందసార్లు కలిపాక మెత్తబడుతుంది. అందుకే మొదటి రోజు తీర్పు చెప్పొద్దు. సాయంత్రం టీవీ చూస్తూ కలపండి, రెండు రోజులు గడిచాక ఈ పరీక్షలన్నీ మళ్ళీ చేయండి.

అంచు మీద వేలు ముందు నుంచి వెనక్కి, తర్వాత వెనక నుంచి ముందుకి నడపండి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు కాస్త గరుకుగా తగలొచ్చు. ముక్కల్ని కోసే బ్లేడు ఒక వైపు నుంచి దిగి ఇంకో వైపు బయటికొస్తుంది, ఆ గుర్తు అది. ముక్కల్ని ఒకటి విడిచి ఒకటి నేసే ఫారో షఫుల్ చేసేవాళ్ళకు ఇది ముఖ్యం. ఒక పక్కన ముక్కలు వాటంతట అవే నేసుకుంటాయి, కట్టను తిరగేస్తే మొరాయిస్తాయి. మీ కట్ట ఏ పక్కన వింటుందో చూసుకోండి.

ఫారో వచ్చినవాళ్ళకు దీన్ని మించిన పరీక్ష లేదు. జోకర్లు తీసేసి సరిగ్గా 52 ముక్కలు ఉంచండి. పై ముక్క పైనే, అడుగు ముక్క అడుగునే ఉండేలా తప్పులేకుండా ఎనిమిదిసార్లు ఫారో చేస్తే కట్ట మొదటి వరసకే తిరిగొస్తుంది. చవక కట్టతో ఇది సాధించగలిగితే ఆ కోత మీద ఇక అనుమానం అక్కర్లేదు. కుదరకపోయినా నిరాశ పడకండి, ఫారో అవసరం లేని గొప్ప ట్రిక్స్ వందలున్నాయి.

9. సంతకం, మడత, చింపడం

చాలామంది మర్చిపోయే పరీక్ష ఇది. ముక్క మీద సంతకం చేయించి, కట్టలో కలిపి, వాళ్ళ జేబులోంచే తీసే ట్రిక్ చేయాలనుకున్నారనుకోండి. ఒక జోకర్ మీద మార్కర్‌తో పేరు రాసి పది అంకెలు లెక్కపెట్టి వేలితో రుద్దండి. కాగితపు పేక మీద సిరా ఆరిపోతుంది. నున్నటి పూత మీద మచ్చలా పాకుతుంది, దాని మీద ఉన్న ముక్క వెనక వైపుకు కూడా అంటుతుంది. అలాంటి కట్టకు ఏ మార్కర్ పనిచేస్తుందో ముందే వెతుక్కోవాలి.

అదే జోకర్‌ను నాలుగు మడతలు పెట్టండి. మొత్తం ప్లాస్టిక్ అయితే మడత నిలవదు, స్ప్రింగులా తెరుచుకుంటుంది. అలాంటి పేక నీళ్ళు తగిలినా పాడవదు, తుడుచుకోవచ్చు, క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి నిలబడుతుంది. కానీ మడిచే ట్రిక్స్, చింపే ట్రిక్స్ దానితో జరగవు. నేర్చుకునేవాళ్ళకు నా సలహా కాగితపు పేకే.

మరి బైసికిల్ పేక కొనక్కర్లేదా?

కొనొచ్చు. సైకిల్ మీద దేవదూత బొమ్మ ఉండే ఆ రైడర్ బ్యాక్ డిజైన్ 1887 నుంచి వస్తోంది. దాన్ని మొదలుపెట్టిన కంపెనీ సిన్సినాటి నగరంలో పుట్టింది. మ్యాజిక్ చేసేవాళ్ళు దాన్ని ఎక్కువగా వాడటానికి ఒక గట్టి కారణం ఉంది: రెండు వైపులా వెనక డిజైనే ఉన్న ముక్కలు, రెండు వైపులా ముందు వైపే ఉన్న ముక్కలు లాంటి ప్రత్యేక ముక్కలు ఎక్కువగా ఆ డిజైన్‌లోనే దొరుకుతాయి. మన కొట్టు పేకకు అలాంటివి దొరకవు. ధర మాత్రం మన పేకకు కొన్ని రెట్లు. ప్రత్యేక ముక్కలు అవసరమయ్యే స్థాయికి వచ్చినప్పుడు కొనండి. అప్పటిదాకా వంద రూపాయల లోపు దొరికే కట్టలు నాలుగు అరగదీస్తే వేళ్ళకు ఎక్కువ లాభం.

వాళ్ళింటి పేక మీ చేతికిస్తే

బంధువుల ఇంట్లో "ఏదీ, మా పేకతో చెయ్యి చూద్దాం" అంటారు. ఇంతకంటే మంచి అవకాశం ఉండదు, అనుమానమే ఉండదు కాబట్టి. "ఇవ్వండి పెదనాన్నగారూ, జోకర్లు తీసేస్తాను" అంటూ ముక్కల్ని ముందు వైపు మీకు కనిపించేలా ఒకసారి పూర్తిగా చూసుకోండి. జోకర్లు తీయడం సహజమైన పనే, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ అర నిమిషంలో నాలుగు సంగతులు చూడాలి: వెనక డిజైన్ అన్నిటికీ ఒకటేనా, ఒకే ముక్క రెండుసార్లు ఉందా, మూల విరిగిన ముక్కలేవి, మొత్తం సుమారు ఎన్ని.

మన ఇళ్ళలో రమ్మీ పేక అంటే రెండు కట్టలు కలిపి ఒకే పెట్టెలో ఉంటాయి. ఒకటి ఎర్ర వెనక, ఒకటి నీలం వెనక అయితే రంగును బట్టి విడదీయమని పిల్లల్నే అడగండి, వాళ్ళకు సరదా, మీకు పని తప్పుతుంది. రెండూ ఒకే రంగైతే ఆటీను రాణి రెండుసార్లు రావచ్చు. అది అడ్డంకి అనుకోకండి, చూసి పెట్టుకుంటే జంట ముక్క వరమే. మూల విరిగిన ముక్క కూడా అంతే, కట్టలో ఎక్కడ ఉందో వేలికి తెలిసిపోతుంది.

ముక్కలు జిడ్డుగా, అంటుకుంటూ ఉంటే చేతి నేర్పు కావాల్సిన ట్రిక్స్ జోలికి వెళ్ళొద్దు. 21 ముక్కల ట్రిక్ చేయండి. 21 ముక్కల్ని ఏడేసి చొప్పున మూడు వరసల్లో అడ్డంగా పంచుతూ పోయి, వాళ్ళు అనుకున్న ముక్క ఏ వరసలో ఉందో అడిగి, ఆ వరసను మిగతా రెండింటి మధ్యలో పెట్టి తీయండి. ఇలా మూడుసార్లు చేశాక వాళ్ళ ముక్క పై నుంచి పదకొండోది. కట్టలో పది ముక్కలు తగ్గినా, సగం నలిగినా దీనికి ఇబ్బంది లేదు. మొదటి పంపకంలోనే ఆ పేక మీ వేళ్ళకు అలవాటవుతుంది, తర్వాత ఏం చేయగలరో అక్కడే తేల్చుకోవచ్చు.

ప్రదర్శన ముందు రోజు

కొన్న రెండు కట్టల్లో ఒకటి మీ చేతిలో నలిగి ఉంటుంది, అది సాధనకు. రెండోది ముందు రోజు రాత్రి విప్పి, వరస చూసి, లెక్కపెట్టి, ఏడుసార్లు కాదు, యాభైసార్లు కలపండి. వెనక వైపు వణుకు పరీక్ష, తడి చేతి డబుల్ లిఫ్ట్ పరీక్ష ఈ కట్టకు కూడా చేయాలి, ఒకే డబ్బాలోంచి వచ్చినా రెండు కట్టలు పూర్తిగా ఒకలా ఉండవు. పెట్టెలో పెట్టి పైన బరువైన పుస్తకం ఉంచి వదిలేయండి. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తడికి కాగితం వంగుతుంది. పొద్దున చూసేసరికి కట్ట ఒక వైపు వంగి ఉంటే రెండో వైపుకు నెమ్మదిగా నాలుగైదుసార్లు వంచి తిన్నగా చేయండి. ఏసీ హాలు అయితే అరగంట ముందే వెళ్ళి, కట్టను పెట్టెలోంచి తీసి ఆ గాలికి అలవాటు కానివ్వండి. అక్కడి లైటు కింద ఇస్పేటు ఆసును ఒకసారి ఎత్తి పట్టుకుని, హాలు చివరి వరసలో నిలబడిన మనిషిని అడగండి: ముందు వైపు తిప్పితే ఏ ముక్కో తెలుస్తోందా, వెనక వైపు తిప్పితే ఏమైనా కనిపిస్తోందా.